జేబులో పట్టని ఆట

జపాన్ బుల్లెట్ రైల్లో ఒక ఉద్యోగి పొద్దుపోక కాలిక్యులేటర్ మీటలు నొక్కుతూ కూర్చున్నాడట. గున్‌పే యొకోయి అది చూశాడు. ఆయన 1965లో నింటెండోలో చేరింది పేకముక్కలు తయారుచేసే యంత్రాల బాగోగులు చూసుకునే పనికి. పెద్దవాళ్లు కూడా నలుగురిలో సిగ్గుపడకుండా, ఒళ్లో పెట్టుకుని గుట్టుగా ఆడుకునే వస్తువుంటే బాగుండునని ఆయనకు తోచింది. 1980లో గేమ్ అండ్ వాచ్ అలా పుట్టింది. కాలిక్యులేటర్ల పుణ్యమా అని ఎల్‌సీడీ తెరలు అప్పటికే చవకయ్యాయి.

పాతబడి చవకైన సరుకునే కొత్త పనికి వాడాలన్నది యొకోయి సూత్రం. ఆయన బృందం చేసిన 1989 నాటి గేమ్ బాయ్‌ని చూడండి. రంగుల్లేవు, పచ్చటి తెర మీద నాలుగే ఛాయలు. తెర వెనక దీపం లేదు కాబట్టి చీకట్లో ఆడలేం. అదే ఏడు అటారీ లింక్స్, మరుసటేడు సెగా గేమ్ గేర్ రంగులతో దిగాయి. కానీ అవి ఆరేసి పెన్సిల్ సెల్స్ మింగి నాలుగైదు గంటలకే చల్లబడేవి. గేమ్ బాయ్ నాలుగు సెల్స్‌తోనే పది గంటలు దాటించేది. దాని రంగుల తమ్ముడితో కలిపి 11.8 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. మన ఊళ్లలో చాలామంది చేతికి వచ్చింది మాత్రం బ్రిక్ గేమ్. డబ్బా మీద 9999 ఆటలని ఉండేది. లోపల వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని ఆటలే వేగం మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి.

2008లో ఐఫోన్‌కు యాప్ స్టోర్ వచ్చింది, ఆటలు ఫోన్‌లోకే చేరాయి. 2011లో 25,000 యెన్‌లకు విడుదలైన నింటెండో చేతి యంత్రం 3డీఎస్ ఆరు నెలలు తిరక్కుండా 15,000కు దిగింది. నింటెండో అధ్యక్షుడు సతోరు ఇవాటా తన జీతం సగానికి కోసుకున్నాడు. సోనీ చేతి యంత్రం వీటా అయితే కోలుకోనే లేదు.

నా లెక్కలో ఫోన్ ఎత్తుకుపోయింది సరిగ్గా ఆ రైలు ప్రయాణికుణ్ణే. పది నిమిషాల కాలక్షేపానికి ఎవరైనా రెండో యంత్రం మోస్తారా? ఫోన్ ఎత్తుకుపోలేనిది ఒకటుంది, మీట. 1982 డాంకీ కాంగ్ గేమ్ అండ్ వాచ్‌లో యొకోయి బృందం అమర్చిన కూడిక గుర్తు మీట మీద బొటనవేలు చూడకుండానే దిక్కు పోల్చుకుంటుంది. నున్నటి గాజు మీద దానికి అంచు తెలియదు సరికదా, ఆడాల్సిన తెరనే సగం కప్పేస్తుంది. దూకడం, గురిచూడటం, తప్పుకోవడం ఒకేసారి చేయాల్సిన గంటల కొద్దీ ఆటలకు ఆ తేడా చాలు.

2017లో వచ్చిన నింటెండో స్విచ్ ఆ ఆటల మీదే బతికింది. ఇంట్లో టీవీకి, బయట చేతికి. 2022లో స్టీమ్ డెక్ కంప్యూటర్ ఆటల్ని అరచేతుల్లోకి తెచ్చింది. 2025 జూన్‌లో స్విచ్ 2 నాలుగు రోజుల్లో 35 లక్షలు అమ్ముడైంది. విడుదలైనప్పుడు అమెరికాలో దాని ధర దాదాపు 450 డాలర్లు, తెర 7.9 అంగుళాలు. ఒళ్లో గుట్టుగా దాచుకుని ఆడటానికి వీల్లేదు. చొక్కా జేబులో అసలే పట్టదు. అక్కడ ఫోనుంది.