పవర్ బీఐ ఇన్‌స్టాల్ చేస్తున్నారా? ‘నెక్స్ట్’ నొక్కే ముందు ఈ సెట్టింగ్స్ చూసుకోండి

రావులపాలెం అరటి మార్కెట్ గురించి గోదావరి జిల్లాల్లో తెలియనివాళ్లు తక్కువ. కర్పూరం, చక్కెరకేళీ, అమృతపాణి, బొంత... ఏ రకం గెల ఏ రోజు ఎంత పలికిందో అక్కడి వ్యాపారుల పుస్తకాల్లో ఉంటుంది. ఇప్పుడు ఆ లెక్కలు చాలావరకు ఎక్సెల్‌లోకి వచ్చేశాయి. ఇంట్లో కంప్యూటర్ తెలిసిన కుర్రాడు ఉంటే తర్వాత వచ్చే మాట ఒకటే: “ఒరేయ్, దీన్ని గ్రాఫ్‌లా చూపించవా?”

ఈ పనికి ఎక్కువమంది మొదట వెతికేది మైక్రోసాఫ్ట్ వారి పవర్ బీఐ డెస్క్‌టాప్. ఫ్రీగా దొరుకుతుంది, ఎక్సెల్ ఫైల్ నేరుగా తీసుకుంటుంది. డౌన్‌లోడ్ చేసి నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్ కొట్టేస్తే పది నిమిషాల్లో గ్రాఫ్ వచ్చేస్తుంది కూడా. కానీ ఆ గ్రాఫ్ కరెక్టేనా? అసలు సమస్య అక్కడే ఉంది.

ఒక్క తేదీతో మొదలయ్యే తప్పు

2025లో కార్తీక పౌర్ణమి నవంబర్ 5న వచ్చింది. మనం దాన్ని 05/11/2025 అని రాస్తాం. ముందు రోజు, తర్వాత నెల. అమెరికా పద్ధతిలో ముందు నెల, తర్వాత రోజు. మీ లాప్‌టాప్ అమెరికా ఫార్మాట్‌లో ఉంటే అదే తేదీ మే 11 అయిపోతుంది. పండుగ రోజు అమ్మిన గెలలన్నీ గ్రాఫ్‌లో ఎండాకాలంలో కనిపిస్తాయి. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు.

మరి ఉగాది? 2025లో అది 30/03/2025. ముప్పయ్యో నెల అంటూ ఉండదు కాబట్టి అక్కడ మాత్రం ఎర్రర్ వస్తుంది.

లెక్క వేద్దాం. ప్రతి నెలా మొదటి 12 రోజులే తారుమారు కాగలవు. అందులో 04/04 లాంటి తేదీ ఎటు చదివినా ఒకటే. అంటే నెలకు 11 రోజులు, ఏడాదికి 132 రోజులు చప్పుడు లేకుండా వేరే నెలలోకి వెళ్లిపోతాయి. మిగిలిన 221 రోజులు ఎర్రర్ చూపిస్తాయి. అప్పుడు చాలామంది చేసే పని ‘రిమూవ్ ఎర్రర్స్’ నొక్కడం. దాంతో ఆ 221 రోజుల అమ్మకాలు రిపోర్ట్‌లోంచి పోతాయి, మిగిలినవాటిలో ఎక్కువ తప్పు నెలల్లో ఉంటాయి. ఆ గ్రాఫ్ చూసి ‘కార్తీకంలో గిరాకీ లేదు’ అనుకుని సరుకు తగ్గిస్తే నష్టం సాఫ్ట్‌వేర్‌కి కాదు, మనకి.

ఎక్సెల్‌లో నిజమైన తేదీగా నమోదైన సెల్‌కి ఈ బాధ లేదు. టెక్స్ట్‌గా టైప్ చేసినవాటికీ, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి తీసిన సీఎస్‌వీ ఫైళ్లకీ ఉంటుంది. అందుకే సెటప్ ఈ వరుసలో చేయండి.

1. ముందు విండోస్ రీజియన్

కొత్త లాప్‌టాప్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు తొందరలో యునైటెడ్ స్టేట్స్ ఫార్మాట్ అలాగే వదిలేసి ఉండొచ్చు. విండోస్ సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కి వెళ్లి, రీజియనల్ ఫార్మాట్‌ని ‘ఇంగ్లీష్ ఇండియా’ చేయండి. పవర్ బీఐ ఇన్‌స్టాల్ చేయకముందే ఈ పని అయిపోవాలి. ఎందుకంటే కొత్త ఫైల్ తయారయ్యేటప్పుడు భాష, తేదీ పద్ధతులను విండోస్ నుంచే తీసుకుంటుంది. అందులో మోడల్ లాంగ్వేజ్ అనే సెట్టింగ్ ఒకసారి పడితే ఆ ఫైల్‌కి తర్వాత మార్చడం కుదరదు.

2. మీ మెషిన్ సరిపోతుందా?

64 బిట్ విండోస్ 10 లేదా ఆ పైన ఉండాలి. మ్యాక్‌లో నేరుగా నడవదు. ఫోన్ యాప్ ఉంది కానీ అది రిపోర్ట్ చూడటానికే, తయారు చేయడానికి కాదు. ర్యామ్ 4 జీబీ ఉంటే మొదలవుతుంది, 8 జీబీ ఉంటే హాయిగా పని జరుగుతుంది.

చాలామంది పట్టించుకోని విషయం స్క్రీన్. కనీసం 1440x900 రిజల్యూషన్ అడుగుతుంది. తక్కువ ధర లాప్‌టాప్‌లలో కనిపించే 1366x768 దానికంటే తక్కువే. అలాంటి స్క్రీన్‌లో కొన్ని విండోల క్లోజ్ బటన్లు బయటికి వెళ్లిపోవచ్చు. అక్షరాలు పెద్దగా కనిపించాలని స్కేలింగ్ 100 శాతం దాటించినా ఇదే ఇబ్బంది. బటన్ కనిపించకపోతే సాఫ్ట్‌వేర్ హ్యాంగ్ అయిందని అనుకోకండి, ముందు స్కేలింగ్ తగ్గించి చూడండి.

3. స్టోర్ వెర్షనా, సెటప్ ఫైలా?

మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వేసుకుంటే అప్‌డేట్స్ వాటంతట అవే వస్తాయి, అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు. వెబ్‌సైట్ నుంచి సెటప్ ఫైల్ దింపుకుంటే భాష, ఇన్‌స్టాల్ అయ్యే ఫోల్డర్ మీరే ఎంచుకోవచ్చు. కానీ పవర్ బీఐకి దాదాపు ప్రతి నెలా కొత్త వెర్షన్ వస్తుంది, దాన్ని మీరే గుర్తుపెట్టుకుని వేసుకోవాలి.

మా సలహా: ఒక్క కంప్యూటర్, ఒక్క షాపు అయితే స్టోర్ వెర్షన్ తీసుకోండి. ఏదైనా ఒక్కటే ఉంచండి. రెండూ వేస్తే వాటి సెట్టింగ్స్ వేర్వేరుగా ఉంటాయి. ఒకదాంట్లో సరిచేసి ఇంకోదాంట్లో ఫైల్ తెరిచి ‘మళ్లీ తప్పు వస్తోందేంటి’ అని తల పట్టుకోవాల్సి వస్తుంది.

4. మొదటిసారి తెరిచాక

ఫైల్ మెనూలో ఆప్షన్స్ అండ్ సెట్టింగ్స్, అందులో ఆప్షన్స్ తెరవండి. మూడు చోట్లకి వెళ్లాలి.

* కరెంట్ ఫైల్ కింద రీజియనల్ సెట్టింగ్స్: ఇంపోర్ట్ లొకేల్ ‘ఇంగ్లీష్ ఇండియా’ అని ఉందో లేదో చూడండి. ఇది ఆ ఒక్క ఫైల్‌కే వర్తిస్తుంది.
* గ్లోబల్ కింద డేటా లోడ్: కొత్త ఫైళ్లకు ఆటో డేట్ టైమ్ అనే టిక్ తీసేయండి. అది ప్రతి తేదీ కాలమ్‌కీ కనిపించకుండా ఒక టేబుల్ తయారు చేసి ఫైల్ బరువు పెంచుతుంది. పైగా ఏడాదిని జనవరి నుంచి డిసెంబర్‌గా లెక్కిస్తుంది. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి కదా. సొంతంగా ఒక క్యాలెండర్ టేబుల్ పెట్టుకోవడం మేలు.
* గ్లోబల్ కింద యూసేజ్ డేటా: మీ వాడకం వివరాలు మైక్రోసాఫ్ట్‌కి పంపాలా వద్దా అనేది ఇక్కడ మీ ఇష్టం.

అకౌంట్ అడిగితే కంగారు పడొద్దు. సొంత కంప్యూటర్‌లో రిపోర్ట్ చేసుకోవడానికి సైన్ ఇన్ అవ్వక్కర్లేదు. ఆన్‌లైన్‌లో పబ్లిష్ చేయాలంటే మాత్రం జీమెయిల్ పనికిరాదు, ఆఫీస్ లేదా కాలేజీ ఈమెయిల్ కావాలి.

5. మూడు వరుసల టెస్ట్

అసలు డేటా ఎక్కించే ముందు నోట్‌ప్యాడ్‌లో తేదీ, గెలలు అని రెండు కాలమ్‌లతో చిన్న సీఎస్‌వీ ఫైల్ చేయండి. తేదీల్లో 05/11/2025, 30/03/2025, 04/04/2025 ఇవ్వండి. పవర్ బీఐలోకి తెచ్చి నెల పేరు చూడండి. వరుసగా నవంబర్, మార్చి, ఏప్రిల్ వస్తే సెటప్ బాగుంది. మొదటిది మే అని వచ్చినా, రెండోది ఎర్రర్ ఇచ్చినా వెనక్కి వెళ్లి రీజియన్ సరిచేయండి.

ఇంకో గట్టి పద్ధతి కూడా ఉంది. పవర్ క్వెరీలో తేదీ కాలమ్ పక్కనున్న గుర్తు నొక్కి ‘యూజింగ్ లొకేల్’ ఎంచుకుని, డేట్, ఇంగ్లీష్ ఇండియా ఇవ్వండి. ఇది క్వెరీలోనే రాసి ఉంటుంది కాబట్టి ఫైల్ ఎవరి కంప్యూటర్‌లో రిఫ్రెష్ చేసినా తేదీ మారదు. షాపులో ఒక సిస్టమ్, ఇంట్లో ఒక లాప్‌టాప్ ఉన్నవాళ్లు ఇది తప్పకుండా చేయాలి.

వాట్సాప్‌లో పంపే ముందు

గ్రాఫ్ బాగా వచ్చిందని ఆ పవర్ బీఐ ఫైల్‌నే గ్రూపులో పెట్టేయకండి. ఇంపోర్ట్ పద్ధతిలో చేస్తే డేటా మొత్తం ఆ ఫైల్ లోపలే ఉంటుంది. రైతుల పేర్లు, ఇచ్చిన అడ్వాన్సులు, బాకీలు ఫైల్ తెరిచిన ప్రతివాళ్లకీ కనిపిస్తాయి. చూపించడానికి మాత్రమే అయితే పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి పంపండి.

మొత్తం సెటప్‌కి అరగంట పడుతుంది. అయ్యాక మీ రిపోర్ట్‌లో నవంబర్ 5 అమ్మకం ఎంతో చూసి, పాత చిట్టా పుస్తకంలో అదే పేజీ తీసి పోల్చండి. రెండూ కలిశాకే నాన్నగారికి గ్రాఫ్ చూపించండి.