పట్టా యొకరిది, సేద్య మొకరిది

తొలకరి పదునునాటికి ఎరువుల దుకాణము గుమ్మము తొక్కకుండ రైతుచేతిలో కొంత రొక్క ముండుట యెంత మేలో సేద్య మెరిగిన పాఠకులకు మేము వివరింప నక్కరలేదు. అరువునకు తెచ్చిన విత్తనమునకు ధర వేరు, రొక్కమునకు తెచ్చినదానికి ధర వేరు. పంట వచ్చిన పిమ్మట ఆ దుకాణదారునికే, అతడు చెప్పిన ధరకే తూచి పోయవలసివచ్చుట ఆ యప్పునకు రెండవ వడ్డీ. తెలంగాణ ప్రభుత్వమువారు 2018 మే 10వ తేదీన హుజూరాబాదులో రైతుబంధు పథకము నారంభించి, ఎకరమునకు పంటకారు ఒక్కింటికి 4,000 రూపాయల చొప్పున చెక్కులు పంచుట ఈ చెరనుండి విడిపించుటకు సరియైన తెరవే. ఋణమాఫీవలన బ్యాంకు పుస్తకములో అంకె మారును. ఈ సొమ్ము రైతుచేతికే, అదునులోనే వచ్చెను. మరుసటి యేట కేంద్ర ప్రభుత్వమువారు కుటుంబమునకు సాలునకు 6,000 రూపాయలను మూడు వాయిదాలుగా నిచ్చు పథకమును, అదే యేట అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు కేంద్రపు సొమ్ముతో కలిపి 13,500 రూపాయల రైతుభరోసాను తెచ్చిరి. 2025 ఆగస్టులో దీని స్థానమున 20,000 రూపాయల అన్నదాత సుఖీభవ వచ్చెను.

సాయము మంచిదే. అది ఎవరి యింటికి పోవుచున్నదన్నదే ప్రశ్న.

రైతుబంధు సొమ్మునకు ఆధారము పట్టాదారు పాసుపుస్తకము. ఎకరముల కెట్టి పరిమితియు లేదు. సొమ్ము ఎకరమునకు 5,000 అయిన పిమ్మట రెండెకరముల రైతునకు కారునకు 10,000 రూపాయలు ముట్టగా, ఏబది యెకరముల పట్టాదారునకు రెండున్నర లక్షలు ముట్టెను. 2015-16 వ్యవసాయ గణనములో తెలంగాణమున సగటు కమతము ఒక్క హెక్టారు, అనగా సుమారు రెండున్నర యెకరములు. చిన్నరైతుల పేర వెలసిన పథకములో పెద్ద చెక్కు పెద్ద పట్టాకే పోయెను. గుట్టలకును, ఇండ్ల స్థలములుగా మారిన పొలములకును కూడ సొమ్ము పోయినదని విమర్శ రాగా, 2025లో సేద్యయోగ్యమైన భూమికే యిత్తుమని నిబంధన చేసిరి. కుటుంబమున కింతయని యిచ్చు కేంద్రపు పద్ధతిలో, సొమ్ము స్వల్పమే యైనను, చిన్న కమతమున కీ యన్యాయము లేదు. పట్టాలేని కౌలుదారునకు మాత్రము అందులోను చోటు లేదు.

పట్టణమున నుద్యోగము చేయుచు ఏటికొకమారు పొలము చూడబోవువానికి ఎకరమున కింతయని సొమ్ము ఖాతాలో పడును. ఆ పొలమునే దున్ని, కౌలు చెల్లించి, తెగులు సోకిన చేనుకడ నిలుచువానికి పైసా లేదు. ఆ సొమ్ములో పాలిమ్మనిగాని, కౌలు తగ్గింపుమనిగాని ఏ నిబంధనయు పట్టాదారుని నిర్బంధింపదు. ఉదారులు తగ్గింతురు, తక్కినవారి సంగతి పాఠకులే యెరుగుదురు. 2018 ఆగస్టునుండి అమలైన రైతుబీమాయును పట్టా ననుసరించినదే: పట్టాదారు మరణించిన నతని కుటుంబమునకు ఐదు లక్షలు, కౌలుదారు మరణించిన నేమియు లేదు. అప్పుల పాలై ప్రాణము తీసికొను సేద్యగాండ్రలో కౌలుదారు లెందరో ఉండగా, ఇంతకంటె క్రూరమైన లెక్క మాకు కానరాదు.

కౌలుదారులు ఏటేట మారుదురనియు, వారిని లెక్కించుట యసాధ్యమనియు నాటి ముఖ్యమంత్రి శ్రీ చంద్రశేఖరరావుగారు వాదించిరి. 2023 ఎన్నికలలో కౌలుదారులకును ఇత్తుమని కాంగ్రెసువారు వాగ్దానము చేసిరి. 2025 జనవరి 26న వారారంభించిన రైతుభరోసాయు పట్టాల వెంటనే నడచెను. ఏ పొలము నెవరు దున్నుచున్నారో గ్రామమున పసిబాలురు సైతము చెప్పగలరు. ఉమ్మడి రాష్ట్రములో 2011 నాటి చట్టము దీని నంగీకరించినదే. కౌలుదారు తానే దరఖాస్తు పెట్టుకొనవచ్చును. గ్రామమున విచారించి కార్డు నిత్తురు. భూస్వామి సంతకముతో పని లేదు. ఆంధ్రప్రదేశమున 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టము ఈ సదుపాయమును వెనుకకు త్రిప్పి, పట్టాదారు సమ్మతి నావశ్యకము చేసినది. ఆ యేటి రైతుభరోసా కౌలుదారులను చేర్చుకొనుట మెచ్చదగినదే. కాని యా చేర్చుకొనుటయు షెడ్యూలు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, అల్పసంఖ్యాకులు అను వర్గముల వారికే పరిమితమయ్యెను.

మా పాఠకులలో పట్టాదారులు పెక్కురు గలరు. సంతకము పెట్టిన భూమి చేజారునని భయపడువారును వారిలో గలరు. ఆ భయము పాత కౌలుదారీ చట్టములనాటిది. దానిని మేము పరిహసింపము. కాని 2019 చట్టమునందలి కార్డు పంటకు మాత్రమే సంబంధించినది. భూమిపై నెట్టి హక్కును కల్పింపదు. సంతకము లేనిచో కౌలుదారునకు బ్యాంకు ఋణము లేదు, పంట నష్టపరిహారము లేదు, ప్రభుత్వ సాయమును లేదు. వడ్డీవ్యాపారి యొక్కడే గతి. పట్టాదారు సంతకమును తొలగించి 2011 నాటి పద్ధతిని మరల తెచ్చుటయు, ఎకరముల సాయమునకు పరిమితి విధించుటయు రెండు ప్రభుత్వములకును కర్తవ్యమని మా యభిప్రాయము. అంతవరకు ఆ సంతకము పట్టాదారుల చేతిలోనిదే. కార్డు గడువు పదునొకండు నెలలు. అది తీరగనే కౌలుదారు కాగితము చేతబట్టుకొని మరల వారి వాకిటికే రావలసియున్నది.