కంబళి – కోటు

నల్లమల కొండలకు పడమట, కుందూ నది పారే మైదానంలో దొర్నిపాడు ఉన్నది. ఊరి చుట్టూ నల్లరేగడి నేలలు. ప్రత్తి, శనగ, జొన్న ఇక్కడి రైతుకు చిరపరిచితమైన పైరులు. వేసవిలో నిప్పులు చెరిగే ఈ సీమలో చలిని గురించి, అందులోనూ ఉన్ని కోటును గురించి వ్యాసమెందుకని పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. అయితే మార్గశిర, పుష్య మాసాలలో తెల్లవారుజామున ఆళ్ళగడ్డకో, కోవెలకుంట్లకో బస్సు కోసం నిలుచున్న విద్యార్థి ఈ ప్రశ్న వేయడు. ఆ వేళ శనగచేలపై మంచు పరచుకొని ఉంటుంది. ఉష్ణోగ్రత 15, 16 డిగ్రీలకు దిగే రోజులున్నాయి. అదే విద్యార్థి మధ్యాహ్నం కళాశాల నుండి తిరిగి వచ్చే సమయానికి అది 30 డిగ్రీలను తాకుతుంది. ఉదయం గొంతు దాకా బిగించుకొన్న స్వెట్టరు అప్పటికి చంకలో మూటగా మారుతుంది.

శీతల దేశాలవారికి చలి ఒక ఋతువు. మనకు అది దినంలో రెండు జాములు మాత్రమే. కనుక మనకు కావలసినది మిక్కిలి వెచ్చని వస్త్రం కాదు. వచ్చిపోయే చలితోపాటు తానూ మారగల వస్త్రం. ఈ సంగతిని మనకంటే ఎంతో ముందుగా గ్రహించినవాడు గొర్రెల కాపరి.

పంట కోసిన పొలాలలో ఎరువు కోసం గొర్రెల మందలను నిలుపుకోవడం రాయలసీమ రైతులకు పాత అలవాటు. మందతోపాటు కాపరి కూడా ఆరుబయటనే రాత్రి గడుపుతాడు. అతని ఆస్తి ఒక కర్ర, ఒక కంబళి. దీనినే గొంగళి అని, తెలంగాణలో గొంగడి అని వ్యవహరిస్తారు. రాత్రి అది పరుపు, దుప్పటి. వేకువన భుజాల చుట్టూ కప్పుకొన్న శాలువ. వాన వచ్చినప్పుడు ఒక కొసను లోపలికి మడిచి తలపై కొప్పెరగా వేసుకొంటే అదే గొడుగు. ఎండ ముదిరిన తరువాత మడత పడి భుజం మీదికి చేరుతుంది. చెట్టు నీడన కూర్చుంటే ఆసనమవుతుంది. “ఎక్కడ వేసిన గొంగళి అక్కడే” అని కదలిక లేని పనిని ఎగతాళి చేస్తాము గాని, నిజానికి గొంగళి అంతగా తిరిగే వస్త్రం మరొకటి లేదు.

దీని తయారీ కూడా తెలుసుకోదగినది. దక్కను పీఠభూమికి చెందిన దక్కని జాతి గొర్రెలకు నల్లని ముతక ఉన్ని ఉంటుంది. ఏటా రెండు పర్యాయాలు ఆ ఉన్నిని కత్తిరిస్తారు. రాయలసీమలో కురుబలు, తెలంగాణలో కురుమలు ఈ పనిలో అనాదిగా నేర్పరులు. ఇంటి స్త్రీలు ఉన్నిని ఏకి, దారంగా వడుకుతారు. మగవారు గుంట మగ్గం మీద నేస్తారు. పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు. గంజి పట్టిన దారం నేతలో తెగదు. నేసిన వస్త్రానికి బిరుసుదనం వస్తుంది. అందుచేతనే కొత్త కంబళి అట్టవలె నిలుచుంటుంది. వాడినకొద్దీ మెత్తబడి, దారాలు ఒకదానితో ఒకటి పెనవేసుకొని గాలి దూరని విధంగా దట్టమవుతుంది. మనకు పొరుగున ఉన్న కర్ణాటకలోని చెళ్ళకెర పట్టణం ఈనాటికీ కంబళ్ళకు పేరుపొందినది.

ఉన్ని వెచ్చగా ఎందుకుంటుంది? వెచ్చదనం ఉన్నిలో పుట్టదు. అది మన శరీరానిదే. ఆ వేడి బయటికి పోకుండా కాపాడడమే వస్త్రం చేసే పని. గొర్రె ఉన్ని కెరాటిన్ అనే మాంసకృత్తుతో ఏర్పడినది. మన వెంట్రుకలు, గోళ్ళు కూడా దానితోనే ఏర్పడినవి. అయితే ఉన్నిపోగు నిటారుగా ఉండదు. అలలు అలలుగా వంకర తిరిగి ఉంటుంది. ఆ వంకరల నడుమ గాలి నిలిచిపోతుంది. కదలని గాలి వేడిని సులభంగా బయటికి పోనివ్వదు. కనుక మనం ధరించేది ఉన్నినే అయినా, మనలను కాపాడేది అందులో చిక్కుకొన్న గాలి.

రెండవ గుణం ఇంకా విశేషమైనది. ఉన్ని తన బరువులో దాదాపు మూడవ వంతు తేమను పీల్చుకొని కూడా చేతికి తడిగా తగలదు. అంతేకాదు, తేమను పీల్చుకొనేటప్పుడు కొద్దిగా వేడిని విడుదల చేస్తుంది. పోగులపై సహజంగా ఉండే మైనం వంటి జిడ్డు పైపై నీటిచుక్కలను జారవిడుస్తుంది. మన ప్రాంతపు ప్రత్తి వస్త్రం ఎండకు సాటిలేనిదే. కాని చెమటకో మంచుకో తడిసినదంటే అది ఒంటికి అంటుకొని ఉన్న వేడిని కూడా లాగివేస్తుంది. ప్రత్తి పండే నేల మీద నిలుచుండి ఈ మాట అనవలసి వచ్చినందుకు రైతు సోదరులు మన్నింతురు గాక!

ఇంతటి గుణం గల మన ఉన్ని నేడు చాలాచోట్ల గిట్టుబాటు లేక వృథాగా పోతున్నది. గొర్రెను కత్తిరించిన కూలి కూడా ఉన్ని అమ్మితే రావడం లేదు. మాంసానికి గిరాకీ పెరిగినందువల్ల కాపరులు దక్కని జాతిని విడిచి, ఉన్ని లేని, ఎత్తైన నెల్లూరు జాతి వైపు మొగ్గినారు. పల్ల, జోడిపి, దొర అనే ఆ జాతి రకాలకు ఒంటిపై ఉండేవి పొట్టి వెంట్రుకలే. మరొక వైపు యంత్రాలపై తయారైన చవక కృత్రిమ దుప్పట్లు సంతలను నింపినాయి. కాపరిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. బ్రతుకుతెరువు చూపే గొర్రెనే అతడు పెంచుతాడు. కాని ఉన్నిని గుర్తించగల చేతులు తగ్గిపోవడం వల్ల కలిగిన నష్టం మనది. అంగడిలో ఏది ఉన్నియో, ఏది కాదో చెప్పలేని స్థితికి వచ్చినాము.

ఇక కోటు సంగతి. గురజాడ అప్పారావు, కందుకూరి వీరేశలింగం గార్ల చిత్రాలను విద్యార్థులు చూచియే ఉంటారు. తలపాగా, కోటు ఆనాటి విద్యావంతుని వేషం. న్యాయవాదికి నల్లకోటు నేటికీ తప్పదు. ఈ విధంగా మన నేలమీద కోటు చలికోసం కాక గౌరవం కోసం స్థిరపడినది. ఆ అలవాటు మనలను ఇంకా విడిచిపోలేదు. కోటు కొనేటప్పుడు మొదట రంగు చూస్తాము, తరువాత మెరుపు చూస్తాము. లోపలి చీటీని చదివేవారు అరుదు. పెండ్లి కోటుకు ఈ పద్ధతి చాలవచ్చు. ఢిల్లీలో చదువబోయే పిల్లవానికి, అమెరికాకు ప్రయాణమైన అమ్మాయికి ఇది చాలదు. శనగలు అమ్మిన డబ్బుతో తండ్రి కొనియిచ్చిన కోటు మొదటి చలిగాలికే ఓడిపోతే ఆ బాధ ఒంటికి మాత్రమే పరిమితం కాదు.

చీటీపై ఉన్ని నూటికి ఎంత పాలు ఉన్నదో వ్రాసి ఉంటుంది. అక్రిలిక్ అని ఉంటే అది ఉన్నివలె కనబడే కృత్రిమపు నూలు. కొంత నైలాన్ కలిసినందువల్ల కోటు మన్నిక పెరుగుతుంది. అది దోషం కాదు. కాని ఉన్ని నామమాత్రంగా ఉండి, ధర మాత్రం ఉన్నిదై ఉంటే అది మోసమే. మూడు కండెల చుట్టలా కనబడే ఊల్‌మార్క్ చిహ్నం 1964 నుండి వాడుకలో ఉన్నది. అసలైన ఉన్నిని గుర్తించడానికి అది ఒక ఆధారం. చీటీ లేని వస్త్రమైతే లోపలి కుట్టు నుండి ఒక్క పోగును తీసి, పెద్దల సమక్షంలో నిప్పుకు చూపవచ్చు. ఉన్ని మెల్లగా కాలి, వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది. మిగిలిన బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. అక్రిలిక్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

ఉన్ని అంతా గుచ్చుకొంటుందనే అపోహ కూడా ఉన్నది. గుచ్చుకోవడం పోగు మందాన్ని బట్టి ఉంటుంది. మిల్లీమీటరులో వెయ్యవ వంతును మైక్రాను అంటారు. మెరీనో జాతి గొర్రెల ఉన్నిపోగు సాధారణంగా 24 మైక్రాన్లకు లోపు ఉంటుంది. అది చర్మానికి తగిలినా హాయిగానే ఉంటుంది. 30 మైక్రాన్లు దాటిన పోగు కొస వంగక చర్మాన్ని పొడుస్తుంది. మన దక్కని ఉన్ని ఈ ముతక రకానికి చెందినది. కనుక సన్నని ఉన్ని లోపలికి, ముతక ఉన్ని పైకి అని గ్రహిస్తే చాలు. కంబళిని ఒట్టి ఒంటిపై కప్పుకొని దురద పెట్టినదని తిట్టడం, గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకోవడం వంటిదే.

బరువైన కోటు తప్పక వెచ్చనిదని అనుకోవడం మరొక పొరపాటు. దట్టంగా నేసి, దారాలు కనబడనంతగా పెనవేసిన గుడ్డ గాలిని ఆపుతుంది. అల్లిన స్వెట్టరు గాలిని నిలుపుకొంటుంది గాని, ఎదురుగాలిని ఆపలేదు. ద్విచక్ర వాహనంపై నంద్యాలకు వేకువన ప్రయాణించేవారికి ఇది అనుభవమే: నిలుచుంటే వెచ్చగా ఉన్న స్వెట్టరు, బండి కదలగానే జల్లెడ అవుతుంది. దానిపై గాలి దూరని పలుచని చొక్కా ఒకటి తొడిగితే కథ మారుతుంది. కోటు కొనేటప్పుడు స్వెట్టరు తొడుక్కొని వెళ్ళి, దానిపైననే వేసుకొని చూడవలె. భుజాల కుట్టు భుజం చివరనే ఉండవలె. చేతులు ముందుకు చాచినప్పుడు వీపు బిగియరాదు. బిగుతైన కోటులో గాలికి చోటుండదు, గాలి లేనిచోట వెచ్చదనమూ ఉండదు. బస్సు కోసం, రైలు కోసం నిలుచుండేవారికి మోకాలి దాకా వచ్చే కోటు మేలు.

చలి మారే తీరుకు అమెరికాలోని డల్లాస్ నగరం మంచి ఉదాహరణ. తెలుగువారు అధికసంఖ్యలో స్థిరపడిన నగరమది. మన నంద్యాల ప్రాంతం వలెనే అక్కడా వేసవి తీవ్రమైనది. చలికాలంలో అనేక దినాలు ఆహ్లాదకరంగానే గడుస్తాయి. కాని ఉత్తరం నుండి చలిగాలి విసరినదంటే కొద్ది గంటలలోనే ఉష్ణోగ్రత పడిపోతుంది. 2021 ఫిబ్రవరి 16న అక్కడ సున్నకు దిగువ దాదాపు 19 డిగ్రీలు నమోదైనది. టెక్సాస్ రాష్ట్రంలో లక్షల ఇండ్లకు విద్యుత్తు ఆగిపోయినది. ఇంట యంత్రాలు వెచ్చదనమిస్తాయి గనుక మంచి కోటు ఎందుకని భావించినవారికి ఆ రాత్రులు గడవడం దుర్భరమైనది. విద్యుత్తు లేనిచోట మనిషికి మిగిలేది తన శరీరపు వేడి, దానిని కాపాడే వస్త్రం మాత్రమే.

అటువంటి చోటికి వెళ్ళేవారు ఒకే ఒక లావు కోటును నమ్ముకొనక పొరలు పొరలుగా ధరించడం నేర్చుకోవలె. ఒంటిని అంటి పలుచని ఉన్ని బనియను, దానిపై స్వెట్టరు, ఆ పైన కోటు. నడక మొదలుపెట్టిన కొంతసేపటికి శరీరం వేడెక్కుతుంది. చెమట పట్టిన తరువాత గుండీలు విప్పడం కాదు, పట్టకముందే విప్పవలె. లోపల తడిసినవాడు ఆగగానే వణకుతాడు. గదిలోకి, బస్సులోకి వెళ్ళగానే కోటు విడువవలె. లేకుంటే తిరిగి బయటికి వచ్చినప్పుడు చలి రెట్టింపు అనిపిస్తుంది. మెడ, తల, చేతులు కప్పుకొంటే లోపల ఒక పొర తగ్గించినా సరిపోతుంది. దొర్నిపాడు బస్సు కోసం నిలిచేవారికి ఇన్ని అవసరం లేదు. నూలు చొక్కాపై ముందు గుండీలున్న ఒక ఉన్ని స్వెట్టరు, మెడకు ఒక కండువా చాలు. తలమీదుగా తొడుక్కొనే రకం కంటే గుండీల రకమే మనకు తగినది. పొద్దెక్కేకొద్దీ ఒక్కొక్క గుండీ విప్పుకొనే వీలుంటుంది.

కొన్న వస్త్రాన్ని కాపాడుకోవడం మరొక విద్య. ఉన్నిపోగుపై సన్నని పొలుసులుంటాయి. వేడినీళ్ళలో నలిపితే అవి ఒకదానిలో ఒకటి చిక్కుకొని గుడ్డ ముడుచుకుపోతుంది. నా చదువు రోజులలో మా అన్నగారి స్వెట్టరును శుభ్రంగా ఉండవలెనని మరిగిన నీళ్ళలో ఉతికి, మా చిన్న తమ్మునికి సరిపోయేటట్లు చేసినాను. ఆ సంక్రాంతికి అన్నగారు నాతో మాట్లాడలేదు. చన్నీళ్ళలో, తక్కువ సబ్బుతో, పిండకుండా అదిమి నీరు తీసి, నీడన పరచి ఆరవేయవలె. తీగపై వ్రేలాడదీస్తే తడి బరువుకు సాగిపోతుంది. కోటును ప్రతిసారీ ఉతుకవలసిన పనిలేదు. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, ఒక పూట గాలికి ఉంచితే చాలును.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని పెద్దల మాట. ఆ తరువాత తొమ్మిది మాసాలు ఉన్ని వస్త్రం పెట్టెలోనే ఉంటుంది. మన ఇండ్లలో ఉన్ని తొడుగుకొన్నందువల్ల చిరిగినది తక్కువ, పెట్టెలో పురుగు కొట్టి పాడైనది ఎక్కువ. చిమ్మెట పిల్లపురుగుకు కెరాటిన్ ఆహారం. చెమట, కూర మరకలు ఉన్నచోట అది మొదట నోరు పెడుతుంది. అందుచేత మాసిన వస్త్రాన్ని పెట్టెలో పెట్టరాదు. ఉతికి, బాగుగా ఆరనిచ్చి, ఎండిన వేపాకును పలుచని గుడ్డలో కట్టి మడతల నడుమ ఉంచి, మూత బిగించవలె. నడుమ ఒకటి రెండు మారులు, వాన లేని దినం చూచి, మడత విప్పి గాలికి దులిపి, వేపాకు మార్చి తిరిగి పెట్టడం మంచిది.