మండే చేతులు నేర్పిన పాఠం

పిల్లలకు పాఠాలు చెప్పడమే మా పని అనుకునేవాళ్లం. కానీ మేము పనిచేసే పల్లె ప్రాథమిక పాఠశాలలో మాకే పాఠం చెప్పింది మూడో తరగతి పాప ఒకతె.

అది మిరప కోతల కాలం. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఆ రోజుల్లో తల్లుల వెంట పిల్లలూ చేలకు వెళ్తుంటారు. ఆ సోమవారం పాప పెన్సిలు పట్టనేలేదు. బద్ధకమని కసిరి నిలబెట్టాము. పక్కనున్న స్నేహితురాలు లేచి, ‘దాని చేతులు మండుతున్నాయి సార్. నిన్నంతా కాయలు కోసింది. దానిది కూడా నేనే రాస్తా’ అంది.

నిన్న అంటే ఆదివారం. మందిరంలో పేదల కోసం ప్రార్థించి వచ్చినవాళ్లమే మేము! తప్పయిందమ్మా అంటే, ‘పర్లేదు సార్, రేపటికి తగ్గుద్ది’ అని నవ్వేసిందా పాప.

1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్, 1866లో ఒంగోలు చేరిన బాప్టిస్టు మిషనరీ క్లౌ సువార్తతోపాటు బడులూ పెట్టారు. కూలి చేతులకు పలక అందించిన అలాంటి బడిలోనే మా తాతలు అక్షరాలు దిద్దారు. అది మరచి ఇంకో కూలిబిడ్డను కసిరాము.

చిన్నబిడ్డలను అడ్డగించినవారిపై యేసు కోపపడ్డాడని మార్కు సువార్త 10వ అధ్యాయం చెబుతోంది. అడ్డగించింది పరాయివాళ్లు కాదు, ఆయన శిష్యులే!

ఇప్పుడు హాజరు వేసేముందు పిల్లల చేతులు చూస్తున్నాము. బడికి రానివారి ఇళ్లకు సాయంత్రం వెళ్తున్నాము. ఈ కోతల కాలంలో మన చేలల్లో ఏ బిడ్డ చేతులు మండుతున్నాయో మనమంతా చూద్దామా?