రిసోర్స్ మేనేజరులో సందేశముల నిర్వహణ

రిసోర్స్ మేనేజరు అనగా క్యూఎన్ఎక్స్ ఆపరేటింగ్ సిస్టములో ఒక పరికరమునకు గాని, కొన్ని ఫైళ్ళకు గాని బాధ్యత వహించి, ఇతర ప్రోగ్రాములు పంపే సందేశములకు జవాబిచ్చే ప్రోగ్రాము. దీనిని సాధారణముగా సీ భాషలో వ్రాస్తారు. క్యూఎన్ఎక్స్‌ను కెనడాలో గోర్డాన్ బెల్, డాన్ డాడ్జ్ 1980 దశకారంభములో రూపొందించారు. 2010లో ఈ సంస్థ బ్లాక్‌బెర్రీ ఫోన్ల తయారీదారుల చేతికి వచ్చింది. ఇందులో పరికరముల డ్రైవర్లు కెర్నల్ బయట, మామూలు ప్రోగ్రాములుగా నడుస్తాయి. అందువలన ఒక డ్రైవరు కూలినా సాధారణముగా సిస్టము మొత్తము కూలదు. కార్లలోను, వైద్య పరికరములలోను దీనిని వాడుటకు ఇది ముఖ్య కారణము.

సందేశ ప్రయాణము

క్లయింటు ప్రోగ్రాము ఒక ఫైలును తెరవబోయినపుడు, ఆ పేరు ఎవరి అధీనములో ఉన్నదని సీ లైబ్రరీ మొదట ప్రాసెస్ మేనేజరును అడుగుతుంది. పిమ్మట సంబంధిత రిసోర్స్ మేనేజరుకు నేరుగా సందేశము పంపుతుంది. తరువాతి రీడ్, రైట్ పిలుపులు కూడా సందేశములే. జవాబు వచ్చేవరకు క్లయింటు త్రెడ్ ఆగి ఉంటుంది. రిజిస్టరు ఉత్తరమిచ్చినవారు రసీదు చేతికందేదాకా పోస్టాఫీసు కిటికీ వద్దనే నిలబడుట వంటిది ఇది. కాబట్టి అందిన ప్రతి సందేశమునకు ఒక్క జవాబు తప్పనిసరి.

సీ భాషలో అమలు

ప్రోగ్రాము మొదట ఫంక్షన్ల పట్టికలను లైబ్రరీ ఇచ్చే మామూలు ఫంక్షన్లతో నింపి, అవసరమైన చోట సొంత ఫంక్షన్లను ఉంచుతుంది. పిదప రెస్‌ఎంజీఆర్_అటాచ్ ద్వారా తన పేరును నమోదు చేసుకొని, సందేశము కొరకు వేచియుండుట, తగిన ఫంక్షనును పిలుచుట అనే రెండు పనులను లూపులో చేస్తూ ఉంటుంది.

రీడ్ సందేశములో క్లయింటుకు ఎన్ని బైట్లు కావలెనో ఉంటుంది. ఫైలులో 12 బైట్లే ఉండి క్లయింటు 100 అడిగితే 12 మాత్రమే పంపి, చదువు స్థానమును 12కు జరపాలి. మరల అడిగితే సున్నా బైట్లు పంపాలి. ఫైలు ముగిసినదని దాని అర్థము. స్థానమును జరపకపోతే క్యాట్ కమాండు అదే పాఠమును అంతులేకుండా ముద్రిస్తుంది.

రైట్ సందేశములో మరొక చిక్కు ఉన్నది. స్వీకరణ బఫరు చిన్నదైతే సమాచారములో కొంత భాగమే అందుతుంది. మిగిలినదానిని రెస్‌ఎంజీఆర్_ఎంఎస్‌జీరీడ్‌తో క్లయింటు నుండి తెచ్చుకోవాలి. చిన్న ఫైళ్ళతో పరీక్షించినపుడు ఈ లోపము బయటపడదు.

ఆలస్యపు జవాబు

సమాచారము ఇంకా సిద్ధము కానపుడు ఫంక్షను 'ఇప్పుడు జవాబు లేదు' అనే విలువను తిరిగి ఇచ్చి, క్లయింటును గుర్తించే సంఖ్యను దాచుకొని, తరువాత జవాబివ్వవచ్చును. ఈ లోపల క్లయింటుకు సిగ్నలు వచ్చినా, గడువు తీరినా కెర్నల్ ఆ సంగతిని రిసోర్స్ మేనేజరుకు తెలుపుతుంది. అప్పుడు దాచిన సంఖ్యను జాబితా నుండి తీసివేసి, పని ఆగినదని జవాబివ్వాలి. లేనిచో క్లయింటు ఆగిన చోటనే ఉండిపోతుంది.