ఎనిమిదో రాత్రి చందమామ

రంజాన్ నెలవంక కోసం మిద్దె ఎక్కని ముస్లిం ఇల్లు మా హుజూరాబాద్‌లో ఉండదేమో! పడమటి దిక్కున వెండి గీత కనిపించగానే సలాములు, ముబారక్‌లు, దువాలు. మరి ఆ తర్వాత రాత్రుల్లో చంద్రుడి వైపు తలెత్తి చూసేవారెందరు? మేమూ చూసేవాళ్లం కాదు. మా దాదీ మాటతో ఆ అలవాటు మారింది.

దాదీ కళ్లకు శుక్లాలు. ఆపరేషన్ అంటే భయం. రెండేళ్లుగా మేము నెలవంకను వేలితో చూపిస్తే "కనబడ్డట్టే ఉంది బేటా" అంటోంది. కనబడలేదని మాకు తెలుసు. ఒకనాడు తనే అడిగింది. "అన్నిటి ఫొటోలు దీస్తరు గదా, జర చాంద్‌ది గూడ దీసి పెద్దగ జేసి చూపియ్యుండ్రి."

పున్నమి నాడు తీశాం. తెల్లటి రొట్టె లాంటి బొమ్మ వచ్చింది, అంతే. తప్పు ఫోనుది కాదు, మేము ఎంచుకున్న రోజుది. పున్నమినాడు ఎండ చంద్రుడి మీద ఎదురుగా పడుతుంది కనుక గుంటలకూ కొండలకూ నీడలు కనిపించవు. నీడ లేనిదే ఎత్తుపల్లాలు తెలియవు. నెలవంక కనిపించిన రాత్రిని ఒకటిగా లెక్కిస్తే, ఏడు, ఎనిమిది రాత్రుల్లో సగం చంద్రుడు మగ్రిబ్ వేళకే ఆకాశంలో బాగా ఎత్తున ఉంటాడు. వెలుగూ చీకటీ కలిసే గీత వెంట ఎండ ఏటవాలుగా పడుతుంది. నీడలు సాగి, గుంటల అంచులు లేచి నిలబడతాయి.

మరుసటి నెల ఎనిమిదో రాత్రి దుర్భిణిని పిట్టగోడ మీద బియ్యం సంచికి ఆనించి, ఫోను కెమెరాను దాని కంటి అద్దానికి అంటించి పట్టుకున్నాం. తెర మీద చంద్రుణ్ణి వేలితో తాకి వెలుగు బాగా తగ్గించాం. చంద్రుడిది ఎండ వెలుగే కదా, ఎక్కువైతే అంతా తెల్లబారిపోతుంది. కొన్ని కొత్త ఫోన్లు చంద్రుణ్ణి గుర్తుపట్టి తామే మెరుగులు దిద్దుతాయి. కనుక దుర్భిణిలో కంటితో చూసినదానితో ఫొటోను పోల్చుకోవడం మంచిది.

నలభై ఫొటోల్లో మూడు బాగా వచ్చాయి. చీకటి గీత పక్కనే పెద్ద పెద్ద గుంటలు! పటంలో పేర్లు వెతికితే ఆశ్చర్యపోయాం. దాదాపు 130 కిలోమీటర్ల వెడల్పున్నది అల్బతేగ్నియస్. అంటే రఖ్ఖాలో ఆకాశాన్ని పరిశీలించి, 929లో మరణించిన అల్ బత్తానీ. దానికి కాస్త దిగువన, నడుమ కొండ ఉన్నది అర్జాచెల్. అంటే 11వ శతాబ్దంలో తులైతులాలో గ్రహ పరిశీలన యంత్రాలు చేసిన అల్ జర్ఖాలీ. ఈ పేర్లు 1651లో రిచ్చోలీ అనే ఇటలీ క్రైస్తవ మతగురువు పెట్టినవి. విద్యను గౌరవించడానికి ఆయనకు మతం అడ్డు రాలేదు.

కెమెరా సంగతీ అంతే. చీకటి గదిలోకి చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుగు బొమ్మను ఎలా గీస్తుందో వెయ్యేళ్ల కిందటే ఇబ్నుల్ హైసమ్ పరీక్షించి రాశాడు. చంద్రుడి ముఖం మీది మచ్చల గురించీ ఒక గ్రంథం రాశాడు. ఆయన పేరిట కూడా చంద్రుడి తూర్పు అంచున ఒక గుంట ఉంది.

అంత దూరం ఎందుకు? హుజూరాబాద్ నిజాం సంస్థానంలో ఉన్న రోజుల్లోనే, 1901లో, హైదరాబాద్ నవాబ్ జఫర్ జంగ్ సొంత డబ్బుతో 15 అంగుళాల దుర్భిణి తెప్పించాడు. ఆయన పోయాక 1908లో ఆ వేధశాలను నిజాం ప్రభుత్వం తీసుకుంది. అదే నిజామియా వేధశాల. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చేరింది. అక్కడ ఆకాశాన్ని ఫొటో పలకల మీద తీసి లక్షలాది నక్షత్రాల స్థానాలు లెక్కగట్టారు.

ఫొటోను టీవీలో పెద్దగా చేసి చూపించాం. దాదీ తెరకు ఆనుకున్నంత దగ్గరగా కూర్చుని ఒక్కో గుంటనూ వేలితో తడిమింది. పేర్లు మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. చివరికి అంది: "ఫొటో మంచిగనే ఉంది. కానీ కండ్లతోటి జూసినట్టయితదా? డాక్టరు దగ్గరికి ఎన్నడు వోదాం?"

ఈ నెల ఎనిమిదో రాత్రి మీరూ పిల్లలతో మిద్దె ఎక్కండి. పెద్దవాళ్లను మాత్రం కింద వదిలేయకండి.