వీఆర్‌ హెడ్‌సెట్‌ మొరాయించిందా? వెంటనే రీసెట్‌ కొట్టకండి.. ముందు ఇవి చూసుకోకపోతే గేమ్‌ డేటా గోవిందా!

గేమ్‌ మంచి రసపట్టులో ఉంటుంది. అంతలోనే కళ్ల ముందు అంతా చీకటి! లేదంటే కంపెనీ లోగో దగ్గరే బొమ్మ ఆగిపోతుంది. బటన్‌ ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. అమెరికాలో ఉన్న అన్నయ్యో, మేనమామో వస్తూ వస్తూ తెచ్చిచ్చిన హెడ్‌సెట్‌ అయితే టెన్షన్‌ ఇంకా ఎక్కువ. దగ్గర్లోని మొబైల్‌ షాపుకు తీసుకెళ్తే ‘ఇది మా వల్ల కాదు’ అనే మాటే వినిపించొచ్చు. అయితే కంగారు అక్కర్లేదు. ఇలా ఆగిపోయిన హెడ్‌సెట్లు చాలావరకు పాడైపోయినవి కాదు. సాఫ్ట్‌వేర్‌ ఎక్కడో ఇరుక్కుపోయి ఉంటుందంతే. కాకపోతే ఏ పని ముందు చేయాలి, ఏది చివర్లో చేయాలి అన్నదే ముఖ్యం. ఎక్కువ మంది వాడే మెటా క్వెస్ట్‌ 2, క్వెస్ట్‌ 3, క్వెస్ట్‌ 3ఎస్‌లలో ఏం చేయాలో చూద్దాం.

నిజంగా ఆగిపోయిందా?

ముందుగా రెండు చిన్న విషయాలు చెక్‌ చేసుకోవాలి. క్వెస్ట్‌ 2, క్వెస్ట్‌ 3 హెడ్‌సెట్ల లోపల, లెన్స్‌ల దగ్గర ఒక చిన్న సెన్సర్‌ ఉంటుంది. తలకు పెట్టుకున్నామని గుర్తించి స్క్రీన్‌ను వెలిగించేది అదే. దానిపై దుమ్ము, స్టిక్కర్‌ లాంటివి అడ్డుపడితే హెడ్‌సెట్‌ ఆన్‌లోనే ఉన్నా స్క్రీన్‌ సరిగా పనిచేయదు. మెత్తటి పొడి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

రెండోది కంట్రోలర్‌. బొమ్మ కనిపిస్తూ, తల తిప్పితే కదులుతూ, చేతిలో బటన్లు మాత్రం పనిచేయకపోతే తప్పు హెడ్‌సెట్‌ది కాదు. ఒక్కో కంట్రోలర్‌లో ఒక ఏఏ బ్యాటరీ ఉంటుంది. అది మార్చి చూడాలి.

కాసేపు ఛార్జింగ్‌ పెట్టండి

బ్యాటరీ పూర్తిగా అయిపోతే హెడ్‌సెట్‌ వెంటనే స్పందించదు. కనీసం అరగంట ఛార్జింగ్‌లో ఉంచి, ఆ తర్వాతే ఆన్‌ చేయాలి. లైట్‌ అస్సలు వెలగకపోతే కేబుల్‌, అడాప్టర్‌ రెండూ మార్చి చూడాలి. ఒంటిపై చేయి పెడితే కాలేంత వేడిగా ఉంటే మాత్రం ఛార్జింగ్‌ పెట్టొద్దు. ఫ్యాన్‌ కింద చల్లారనివ్వాలి. ఫ్రిజ్‌లో పెట్టడం లాంటి పనులు అస్సలు చేయకూడదు. లోపల తేమ చేరితే అంతే సంగతులు.

అసలు చిట్కా ఇదే

ఛార్జ్‌ ఉన్నా కదలకపోతే పవర్‌ బటన్‌ను కనీసం 10 సెకన్లు, అప్పటికీ ఆఫ్‌ కాకపోతే 30 సెకన్ల వరకు వదలకుండా నొక్కి పట్టుకోవాలి. చాలామంది మూడు, నాలుగు సెకన్లకే వేలు తీసేస్తారు. పొరపాటు అక్కడే జరుగుతుంది. హెడ్‌సెట్‌ పూర్తిగా ఆఫ్‌ అయ్యాక కాసేపు ఆగి, మళ్లీ లోగో కనిపించే వరకు పవర్‌ బటన్‌ నొక్కితే చాలు.

ఇది ఎలా పనిచేస్తుందంటే.. మామూలుగా బటన్‌ నొక్కినప్పుడు ఆ సంగతిని సాఫ్ట్‌వేర్‌ గుర్తించి స్పందిస్తుంది. ఆ సాఫ్ట్‌వేరే ఇరుక్కుపోతే వినేవారే ఉండరు. ఎక్కువసేపు నొక్కినప్పుడు మాత్రం కరెంటును చూసుకునే భాగమే నేరుగా సరఫరా ఆపేస్తుంది. దాంతో తాత్కాలిక మెమరీ ఖాళీ అయి సిస్టమ్‌ మొదటి నుంచి మొదలవుతుంది. స్టోరేజ్‌లో ఉన్న గేమ్‌లు, వీడియోలు ఎక్కడికీ పోవు. అప్‌డేట్‌ నడుస్తున్నప్పుడు మాత్రం ఇలా చేయొద్దు.

అయినా లోగో దగ్గరే ఆగితే?

హెడ్‌సెట్‌ ఆఫ్‌ చేసి, పవర్‌ బటన్‌నూ, వాల్యూమ్‌ తగ్గించే బటన్‌నూ కలిపి నొక్కి పట్టుకుంటే బూట్‌ మెనూ వస్తుంది. వాల్యూమ్‌ బటన్లతో పైకీ కిందకీ కదలాలి. పవర్‌ బటన్‌తో ఎంచుకోవాలి. ఇక్కడ ముందుగా మామూలుగా బూట్‌ చేసే ఆప్షన్‌నే ప్రయత్నించాలి.

అదే మెనూలో ఫ్యాక్టరీ రీసెట్‌ కూడా ఉంటుంది. తొందరపడి దాన్ని నొక్కితే హెడ్‌సెట్‌లోని ఫొటోలు, రికార్డ్‌ చేసిన వీడియోలు, క్లౌడ్‌లో సేవ్‌ కాని గేమ్‌ ప్రోగ్రెస్‌ అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. నెలల తరబడి దాటిన లెవెల్స్‌ మళ్లీ సున్నా నుంచే! డబ్బు పెట్టి కొన్న గేమ్‌లు మాత్రం అకౌంట్‌కే ఉంటాయి కాబట్టి మళ్లీ డౌన్‌లోడ్‌ చేసుకోవచ్చు. అకౌంట్‌ పాస్‌వర్డ్‌ గుర్తుందో లేదో కూడా రీసెట్‌కు ముందే చూసుకోవాలి.

మిగతా కంపెనీలవైతే?

యాపిల్‌ విజన్‌ ప్రోలో పైన ఉండే బటన్‌ను, డిజిటల్‌ క్రౌన్‌ను కలిపి నొక్కి పట్టుకోవాలి. మొదట యాప్‌లు మూసే విండో వస్తుంది. అక్కడ వదలకుండా స్క్రీన్‌ నల్లబడే వరకు పట్టుకుంటేనే రీస్టార్ట్‌ అవుతుంది. ప్లేస్టేషన్‌ వీఆర్‌ 2 కేబుల్‌తో నడుస్తుంది కాబట్టి హెడ్‌సెట్‌తో పాటు కన్సోల్‌ను కూడా రీస్టార్ట్‌ చేయాలి.

ఒక్కోసారి తప్పు మనది కాదు

2018 మార్చి 7న ప్రపంచవ్యాప్తంగా ఆక్యులస్‌ రిఫ్ట్‌ హెడ్‌సెట్లు ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. ఎన్నిసార్లు రీస్టార్ట్‌ చేసినా లాభం లేకపోయింది. కారణం.. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోని ఒక డిజిటల్‌ సర్టిఫికెట్‌ గడువు తీరిపోవడం! కంపెనీ సరిచేసిన ఫైల్‌ను విడుదల చేశాకే సమస్య తీరింది. ఇబ్బంది పడినవారికి 15 డాలర్ల స్టోర్‌ క్రెడిట్‌ కూడా ఇచ్చింది. అందుకే రీసెట్‌ చేసే ముందు, అదే సమస్య మిగతావారికీ వచ్చిందేమో ఒకసారి చూసుకోవడం మంచిది. అలాంటప్పుడు ఒక రోజు ఓపిక పడితే డేటా మిగులుతుంది.

ఇవి మాత్రం మర్చిపోవద్దు

హెడ్‌సెట్‌ను కిటికీ దగ్గర, కారు డ్యాష్‌బోర్డ్‌పై లెన్స్‌లు పైకి ఉండేలా పెట్టకూడదు. ఎండ పడితే లెన్స్‌లు భూతద్దంలా పనిచేసి స్క్రీన్‌ను కాల్చేస్తాయి. ఆ మచ్చ ఏ రీస్టార్ట్‌తోనూ పోదు. అప్‌డేట్‌ వస్తే ఛార్జింగ్‌లో ఉంచే చేయాలి. క్లౌడ్‌ బ్యాకప్‌ ఆన్‌లో ఉందో లేదో ఇప్పుడే చూసుకోవాలి. బ్యాటరీ లిథియం రకం కాబట్టి ఇంట్లో విప్పే సాహసం అసలే వద్దు. విదేశాల్లో కొన్నదైతే బిల్లు, సీరియల్‌ నంబర్‌ ఫొటో తీసి పెట్టుకోవాలి. వారంటీ కోసం కంపెనీని సంప్రదిస్తే ముందు అడిగేవి అవే.